లైనంటే అరవై ఐదు అక్షరాలు

లైనంటే అరవై ఐదు అక్షరాలు.
నా లెక్క కాదు, కాగితంలో నాలుగో పేజీ.
చివర్న అరవై నాలుగు మిగిలితే అది లైను కాదు.
మాటల మధ్య సందులు లెక్కలోకొస్తాయా అని
ఫోన్ చేసి అడిగాను.
"చూసి చెప్తామండీ" అన్నారు,
పోయిన దాళ్వా నాట్లప్పుడు.

రాత్రి పదింటికి చెవుల్లో డాక్టరు దగ్గుతాడు.
ఏ దేశంవాడో, ఏదో నములుతూ
ఎవరిదో పిత్తాశయం గురించి చెప్తాడు.
కుడికాలి కింద పెడలు.
తొక్కితే మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు.
నరసాపురం మొత్తమ్మీద
నా మాట వినే మగాడు ఆయనొక్కడే.

పక్క గదిలో అమ్మ, మరియరత్నం,
లేసు అల్లుతుంటుంది.
ఆమెకి దారం ఉండ లెక్క, నాకు లైను లెక్క.
ఆమె ఏజెంటు సైకిలు మీద వచ్చేవాడు,
నా ఏజెంటు మెయిల్లో వస్తాడు.
"తీరిక వేళల పని" అని ఆమె పుస్తకంలో రాసేవాడు.
నలభై ఏళ్ల తీరిక.
వేలి మీద బొబ్బ కాయయ్యింది, కాయ రాయయ్యింది.

నాది పదకొండు పేజీలు.
చదవకుండా సంతకం పెట్టానని అందరూ తిడతారు గానీ
చదివే పెట్టానండీ.
ఆ రోజు చదివింది అదొక్కటే కాదుగా,
పాలవాడి బాకీ చీటీ కూడా చదివాను.

మొన్న కంప్యూటర్లోనే వెతికాను,
'ఉద్యోగి' అన్న మాట ఎన్నిసార్లుందో.
ఒక్కసారి.
వెనకాలే 'కాదు' ఉంది.
నేను స్వతంత్రురాలినట.
స్వతంత్రానికి పీఎఫ్ ఉండదు, ఈఎస్ఐ ఉండదు.
నేను మానాలంటే అరవై రోజుల ముందు చెప్పాలి,
వాళ్లు మాన్పించాలంటే
తెల్లారి పాస్‌వర్డు పనిచెయ్యదు.
చేపలచెరువుల ఏరేటర్లన్నీ ఒక్కసారే లేచి కరెంటు పోతే
ఆలస్యం నాది, కోత నాది,
ఇన్వర్టరు నాది, బ్యాటరీలో పోసే నీళ్లూ నావే.
కుర్చీ మాత్రం చర్చిలో తీసి పక్కన పడేసింది.

ఆకివీడు షంషాద్
కాన్పుకి వెళ్లేరోజు కూడా పద్నాలుగు ఫైళ్లు పంపింది.
క్వాలిటీ తొంభై ఏడు పాయింట్ తొమ్మిది.
తొంభై ఎనిమిది ఉండాలి.
నెల డబ్బులో పావు కోశారు.
ఆ ఒక్క పాయింటు
ఏ నొప్పి దగ్గర జారిపోయిందో.

నిన్న రాత్రి ఒక ఫైలు.
ఎవరో ఆవిడ, నలభై ఒకటేళ్లు, ఏదో ఆఫీసులో టైపిస్టు.
కుడి మణికట్టు. బొటనవేలు మొదలు మూడు వేళ్లు తిమ్మిరి.
రాత్రుళ్లు చెయ్యి విదిలించుకుంటూ లేస్తుందట.
నేను చెయ్యి విదిలించుకుని టైపు చేశాను.
"పనివల్ల వచ్చింది" అన్నాడు డాక్టరు,
"ఖర్చంతా యజమానిది. ఆరు వారాలు విశ్రాంతి."
పెడలు వెనక్కి తొక్కాను.
ఖర్చంతా యజమానిది.
ఇంకోసారి.
యజమానిది.
మొత్తం ఎనభై మూడు లైన్లు,
నలభై ఒక్క రూపాయి యాభై పైసలు.

ఆదివారం పాలకొల్లు బస్టాండులో ముగ్గురం కలిశాం.
ముఖాలు తెలియవు, గొంతుల్ని బట్టి పోల్చుకున్నాం.
బెంచీ మీద కార్మికశాఖకి అర్జీ.
షంషాద్ బిడ్డ నా ఒళ్లో, పెన్ను పెనుగొండ నాగహైమది.
పని చేసే చోటు: ఇల్లు.
యజమాని పేరు:
పెన్ను ఆగింది.
కాగితం మీద ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు,
ఫోనెత్తే మనిషికి అసలు పేరే లేదు.
మా పనిలో ఒక నియమం ఉందండీ:
వినబడనిది ఊహించి రాయకూడదు.
గీత గీసి, టైము వేసి, ఖాళీ వదలాలి.
ఖాళీకి డబ్బులు రావు.

ఇంటికొచ్చి చెబితే
అమ్మ చేతిలో పని లైటు వైపెత్తి చూసింది.
"లేసంటేనే ఖాళీలు కదే ఎస్తేరూ.
తెల్లోళ్లు కొనేది కన్నాల్ని,
మనకిచ్చేది దారానికి."
మాటల్లో పడి లెక్క తప్పింది.
విప్పి, మొదట్నుంచి గొలుసు ఎత్తుకుంది.

సోమవారం రిజిస్టరు పోస్టులో పంపాం.
ఖాళీ అలాగే ఉంది.
పక్కన, అలవాటు కొద్దీ,
పెన్ను ఆగిన టైము వేశాను:
మధ్యాహ్నం పన్నెండూ నలభై.